గుర్రం కొనేముందు డాక్టరు పరీక్ష దండగేనా?

మార్వారీ ఆడగుర్రాన్ని కొంటున్నానని, పశువైద్యుడి పరీక్షకు డబ్బు పెట్టడం దండగని స్నేహితులు అంటున్నారని రాశారు. రేపు దాన్ని మేపేది వాళ్లు కాదు, మీరు. తప్పకుండా చేయించండి.

నా మొదటి గుర్రం పంచకళ్యాణి. నాలుగు కాళ్లకూ తెల్ల మేజోళ్లు తొడిగినట్టుండేది. సుడులు చూసే పెద్దాయనను వెంటబెట్టుకుని వెళ్లాను. అన్నీ శుభమేనన్నారు. దాని కాళ్లు మాత్రం మేమెవరమూ పట్టి చూడలేదు. ఇంటికి తెచ్చిన నాలుగో రోజున కుంటడం మొదలైంది. ఫెనైల్‌బ్యూటజోన్ లాంటి నొప్పి మందు ఇచ్చి అమ్మారన్నది నా గట్టి నమ్మకం. బేరం రోజే రక్తం తీయించి ఉంటే బయటపడేది.

రెండోసారి మొయినాబాద్ దగ్గర ఒక తోటకు డాక్టరు గారితో వెళ్లాను. మేం చేరేసరికే గుర్రాన్ని బాగా తిప్పి, చెమటలు పట్టించి ఉంచారు. ఒళ్లు వేడెక్కితే కుంటు దాగిపోతుందని డాక్టరు గారు ముట్టుకోలేదు. "రాత్రంతా లాయంలో ఉంచండి, పొద్దున్నే వస్తాం" అన్నారు. మర్నాడు పై పెదవి ఎత్తి, మూల పన్ను మీద సగం దాకా దిగిన గోధుమరంగు గాడి చూపించారు. ఎనిమిదేళ్లని చెప్పిన గుర్రానికి సుమారు 15 ఏళ్లు! తర్వాత ముందరి ఎడమ కాలు మడిచి నిమిషం పాటు పట్టుకుని, వదలగానే గట్టి నేల మీద పరుగు తీయించారు. "కాలు కాదు, తల చూడండి" అన్నారు. ఎడమ కాలు నేలకు ఆనినప్పుడల్లా నొప్పికి తల పైకి లేస్తోంది. రాయి గుచ్చుకుందన్నాడు యజమాని. డాక్టరు గారు గిట్ట ఎత్తి, మట్టి గీకి చూపించారు. రాయి లేదు. అక్కడితో బేరం వదిలేశాను.

అమ్మేవాళ్లు పిలిపించే డాక్టరు మాత్రం వద్దు. గుర్రాలు తెలిసిన వైద్యులు మనకు తక్కువే. పట్నంలో కుక్కకు ఎక్స్‌రే దొరికినంత తేలిగ్గా గుర్రానికి దొరకదు. అయినా వెతకండి, అవసరమైతే వారం ఆగండి.

గ్లాండర్స్ రక్తపరీక్ష కూడా వదలకండి. అది మనుషులకూ సోకే జబ్బు. సోకిందని తేలితే గుర్రాన్ని చంపక తప్పదు. హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఈ పరీక్షకు పేరున్న చోటు. నివేదిక చేతికిచ్చారు కదా అని జేబులో పెట్టుకోకండి. అందులో రాసిన మచ్చలూ సుడులూ ఎదురుగా ఉన్న గుర్రానివేనా అని ఒక్కొక్కటీ సరిచూసుకోండి. సుడులు నిజంగా పనికొచ్చేది ఇక్కడే.

నా పంచకళ్యాణి ఇప్పటికీ నా దగ్గరే ఉంది. నిజం చెబితే ఎవరూ కొనరు, దాచి అమ్మడానికి నాకు మనసొప్పలేదు. రోజూ పొద్దున్నే నడిపిస్తాను. కుడి కాలు ఆనినప్పుడు తల దించుతుంది, ఎడమ కాలు ఆనినప్పుడు ఎత్తుతుంది.