టెక్ సందేహాలు: కారు పేరు కాదు, సైజు చెప్పండి

ఎప్పుడూ ఫోను వేడెక్కుతోందనీ వాట్సాప్ బ్యాకప్ రావట్లేదనీ రాసేవాళ్లు ఈ వారం ఎందుకో పాత కార్ల మీద పడ్డారు. ఒకాయనైతే "కారు కూడా గ్యాడ్జెట్ కిందికే వస్తుందా సార్?" అని ముందే మొహమాటపడ్డారు. వెర్నియర్ (మిల్లీమీటరులో భాగాల్ని కూడా కొలిచే పరికరం), స్కానర్, ఫోను కెమెరా, త్రీడీ ప్రింటరు లేకుండా ఈ ప్రశ్నలకు జవాబు చెప్పలేను కాబట్టి, వస్తుంది.

ప్రశ్న (కర్నూలు): మా నాన్నగారి ప్రీమియర్ పద్మిని ఇంకా నడుస్తోంది. గేర్‌బాక్సు వెనక ఆయిల్ సీల్ (నూనె బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు) పోయి నూనె కారుతోంది. ఏ షాపుకెళ్లినా లేదనే మాటే. ఏమని వెతకాలి?

జవాబు: ముందు షాపులో పద్మిని పేరెత్తడం మానేయండి. ఆ పేరు చెవిన పడగానే కౌంటర్ వెనకున్న మనిషి "ఆ బండి పోయి ఎన్నేండ్లయిందన్నా" అని పక్క గిరాకీ వైపు తిరుగుతాడు. ఆయన తప్పేం లేదు, ఆయన అరల్లో సరుకంతా బండి పేర్ల మీద సర్ది ఉంటుంది. మీరు వెళ్లాల్సింది బేరింగులు, ఆయిల్ సీల్స్ మాత్రమే అమ్మే షాపుకి. ట్రాక్టర్లవాళ్లు, బోరు మోటార్లవాళ్లు, నూనె మిల్లులవాళ్లు వెళ్లేది అక్కడికే. అక్కడ బండి పేరు ఎవరికీ అక్కర్లేదు, సైజు చెబితే చాలు.

ఆయిల్ సీల్‌కు మూడు కొలతలు: షాఫ్టు (సీల్ మధ్యలో తిరిగే కడ్డీ) లావు, సీల్ బయటి వ్యాసం, మందం. ఇదే వరసలో, మిల్లీమీటర్లలో. 35-52-7 అని ఉంటే 35 షాఫ్టుకు, 52 గుంతలో కూర్చునే, 7 మందం ఉన్న సీల్ అని అర్థం. చాలా సీల్స్ మొహం మీదే ఈ అంకెలు అచ్చయి ఉంటాయి, కాకపోతే ముప్పై ఏళ్ల జిడ్డు కింద. కిరోసిన్ గుడ్డతో తుడిచి, ఆరాక సుద్దముక్క పొడి రుద్ది, వేలితో పైపైన తుడిచేస్తే గుంటల్లో ఉన్న పొడి మాత్రం తెల్లగా నిలుస్తుంది. అప్పటికీ కనపడకపోతే గదిలో లైటు తీసేసి, ఇంకో ఫోను టార్చిని దాదాపు బల్లకు ఆనించి పక్కనుంచి వెలిగించి ఫొటో తీయండి. ఎదురుగా ఫ్లాష్ కొడితే అంతా తెల్లబారి ఏమీ మిగలదు, పక్క వెలుతురులో అయితే ప్రతి అంకెకూ నీడ లేస్తుంది. రెండు వైపుల నుంచీ తీయండి. నేనొకసారి ఒక్క ఫొటో నమ్ముకుని 3ని 8గా చదివి, పనికిరాని సీల్ ఇంటికి తెచ్చుకున్నాను.

అంకెలు పూర్తిగా అరిగిపోతే ఇక వెర్నియరే. ఇక్కడ అందరూ చేసే పొరపాటు సీల్ లోపలి రబ్బరు పెదవిని కొలవడం. అది షాఫ్టును బిగించి పట్టాలి కాబట్టి కావాలనే చిన్నదిగా చేస్తారు. కొలవాల్సింది షాఫ్టును, అదీ పాత సీల్ రాసుకుని గాడి పడిన చోట కాదు, దాని పక్కన అరగని చోట. 38.1 లాంటి వింత అంకె వస్తే కంగారుపడకండి, అది ఒకటిన్నర అంగుళం. ఇటలీ ఫియట్ 1100 నుంచి వచ్చిన మీ పద్మినిలో ఆ బాధ తక్కువ గానీ, ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన అంబాసిడర్ వాళ్లకు అంగుళాల గోల మామూలే. సీల్ మీద బాణం గుర్తుంటే అది షాఫ్టు తిరిగే దిశ, కొత్తదానిమీదా అటువైపే ఉండాలి. గేర్‌బాక్సుకు మామూలు నల్ల నైట్రైల్ రబ్బరు సరిపోతుంది, ఇంజను వేడి బాగా తగిలే చోటికైతే వైటాన్ అడగండి, ధర ఎక్కువే. ఆన్‌లైన్లో వెతికేటప్పుడు కూడా సైజుతోనో, ఫియట్ 1100 అనో వెతకండి. పద్మిని అని కొడితే ఎక్కువగా ముంబై టాక్సీల ఫొటోలే వస్తాయి.

బేరింగుల కథా ఇదే. నా పాత మారుతి 800లో ఆల్టర్నేటర్ (బ్యాటరీని చార్జ్ చేసేది) కీచుమంటుంటే ఒక షాపులో ఆల్టర్నేటరే మార్చాలన్నారు. రెండు వారాలు తిరిగి, విసుగొచ్చి విప్పిస్తే లోపల బేరింగు మీద 6202 అని శుభ్రంగా కనిపిస్తోంది. చివరి రెండంకెలు లోపలి రంధ్రాన్ని చెబుతాయి: 00 అంటే 10 మిల్లీమీటర్లు, 01కి 12, 02కి 15, 03కి 17, ఇక 04 నుంచి ఐదుతో గుణిస్తే సరి. చాలా సీలింగ్ ఫ్యాన్లలోనూ ఉండేది ఈ 6202నే, మా వీధి చివర మోటార్ల వైండింగు షాపులో డబ్బా నిండా ఉన్నాయి! కాకపోతే నంబరు తర్వాత అక్షరాలు కూడా చూడాలి. జెడ్‌జెడ్ అంటే రేకు మూత, 2ఆర్‌ఎస్ అంటే రబ్బరు మూత, సి3 అంటే వేడికి వ్యాకోచించడానికి లోపల కాస్త ఎక్కువ సందు వదిలిందని. వేగంగా తిరిగి వేడెక్కే ఆల్టర్నేటర్‌కు సి3 అడిగి తీసుకోవాలి.

ప్రశ్న (గుంతకల్లు): 1999 మారుతి 800. స్పీడు ముల్లు కదులుతోంది గానీ కిలోమీటర్ల అంకెలు ఆగిపోయాయి. విప్పితే చిన్న ప్లాస్టిక్ పళ్ల చక్రం విరిగి ఉంది. త్రీడీ ప్రింటింగ్‌లో చేయించవచ్చా?

జవాబు: ముల్లు కదులుతోందంటే కేబుల్ బాగున్నట్టే, మీరు దోషం సరిగ్గానే పట్టుకున్నారు. చేయించవచ్చు, కానీ ముందు పాత ఇనుప సామాను వాళ్ల దగ్గర పాడైన 800 మీటర్ ఒకటి అడిగి చూడండి. లోపలి చక్రం బాగుంటే మీ పని అయిపోయింది.

దొరక్కపోతే ఆ ముక్కల్ని ఫోనుతో దగ్గర్నుంచి ఫొటో తీయకండి, అంచులు సాగి కొలతలు తప్పుతాయి. అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర ఏ జెరాక్సు షాపులోనైనా అద్దం మీద పెట్టి, పైన నల్లగుడ్డ కప్పి, 600 డీపీఐలో స్కాన్ చేయించండి (ఆ కుర్రాడు మీ వంక అదోలా చూస్తాడు, పట్టించుకోకండి). అందులో 600 పిక్సెళ్లంటే ఒక అంగుళం, 25.4 మిల్లీమీటర్లు, అంటే మిల్లీమీటరుకు సుమారు 23.6 పిక్సెళ్లు. పళ్లు లెక్కపెట్టి, బయటి వ్యాసాన్ని పళ్ల సంఖ్యకు రెండు కలిపి వచ్చిన దాంతో భాగించండి. 20 పళ్లు, 11 మిల్లీమీటర్లు అయితే 11ని 22తో భాగిస్తే 0.5. దీన్ని మాడ్యూల్ అంటారు, పంటి సైజు చెప్పే అంకె ఇదే, ఆన్‌లైన్లో దొరికే హాబీ గేర్లలో 0.5 బాగా మామూలు సైజు. పళ్లు వాలుగా ఉంటే మాత్రం ఈ లెక్క కుదరదు, స్కాన్‌తో పాటు ముక్కను కూడా ప్రింట్ చేసేవాళ్లకు ఇవ్వండి.

ఒక్కటి గట్టిగా చెప్తున్నాను, పీఎల్‌ఏ ప్లాస్టిక్‌తో చేస్తామంటే ఒప్పుకోకండి. చవక, చూడ్డానికి బాగుంటుంది, కానీ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడిపోతుంది. మే నెలలో మన ఊళ్లో అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు ఆ వేడి ఎప్పుడో దాటేస్తుంది. నైలాన్ అడగండి, లేదంటే ఏబీఎస్. విప్పే ముందు రీడింగ్ ఫొటో తీసి పెట్టుకుని, బిగించేటప్పుడు అదే అంకె మీద పెట్టండి.

ప్రశ్న (ప్రొద్దుటూరు): 2000 మోడల్ డేవూ మాటిజ్. తలుపు ప్యానెల్ క్లిప్పులు, ఒక రిలే (కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్చు), బ్రేక్ సిలిండర్ రబ్బర్లు కావాలి. కంపెనీయే లేదు కదా, ఏం చేయాలి?

జవాబు: క్లిప్పులకు కంపెనీతో పని లేదు. రేకులో రంధ్రం వ్యాసం, క్లిప్పు తల వ్యాసం, కాడ పొడవు కొలుచుకుంటే రకరకాల సైజులు కలిపి అమ్మే డబ్బాలో సరిపోయేవి దొరుకుతాయి. రిలే కింద 30, 85, 86, 87 అని చిన్న అంకెలుంటే అది చాలా కార్లకు సరిపోయే మామూలు రకమే, 12 వోల్టులు, ఆంపియర్లు, కాళ్ల అమరిక చూసుకుని తీసుకోండి. ఐదో కాలు 87ఎ ఉందేమో గమనించండి.

మాటిజ్‌కే ప్రత్యేకమైన పార్టయితే దానిమీద ఎనిమిదంకెల నంబరు వెతకండి, చాలావరకు 96తో మొదలవుతుంది. దాని తర్వాతి తరం బండినే 2007 నుంచి ఇక్కడ షెవర్లే స్పార్క్ పేరుతో అమ్మారు, కొన్ని కలుస్తాయి, కొన్ని కలవవు, నంబరు సరిచూసుకోకుండా డబ్బు కట్టొద్దు. బెంగళూరు జేసీ రోడ్డు, సికింద్రాబాద్ రాణిగంజ్, చెన్నై పుదుపేట షాపులవాళ్లకు పార్టు పక్కన స్కేలు పెట్టి తీసిన ఫొటో, నంబరు కలిపి వాట్సాప్‌లో పంపితే బస్సు చార్జీ మిగులుతుంది. పెనుకొండలో రోజూ కొత్త కియా కార్లు బయటికొస్తుంటే మనం ఒక క్లిప్పు కోసం చెన్నైకి ఫొటోలు పంపడం, ఏం చేస్తాం.

బ్రేక్ రబ్బర్లకు మాత్రం ఈ సైజుల తెలివి వాడకండి. బ్రేక్ ఆయిల్‌కు ఈపీడీఎం రబ్బరు ఉండాలి. ఇంజను ఆయిల్‌కు వాడే నైట్రైల్ రింగు కొలత అచ్చం కుదిరినా బ్రేక్ ఆయిల్లో పాడవుతుంది. ఆ బండికే చేసిన కిట్ దొరకకపోతే సిలిండర్ మొత్తం మార్చండి. సెకండ్ హ్యాండువీ ప్రింట్ చేసినవీ బ్రేకుల్లో, స్టీరింగ్‌లో అసలే వద్దు.

ప్రశ్న (కడప): బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ (కారు కంప్యూటర్ గుర్తించిన లోపాల్ని చదివేది) కొంటే మా కార్బ్యురేటర్ మారుతి జెన్‌లో ఏ పార్టు పోయిందో ఫోనులో చూపిస్తుందా?

జవాబు: చూపించదు. మీ బండిలో దాన్ని గుచ్చడానికి సాకెట్టే లేదు. ఆ డబ్బు పెట్టి డిజిటల్ వెర్నియర్ కొనుక్కోండి, అందులో వేసే ఎల్‌ఆర్44 బటన్ సెల్లు మాత్రం ఇంకోటి తెచ్చి పెట్టుకోండి, అవసరమైన రోజునే అది చచ్చిపోతుంది.