టెక్ సందేహాలు: పెట్టె మీద 680, క్రోనోగ్రాఫ్‌లో 565

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను. ఇక్కడ ఒక ఎస్టేట్ సేల్‌లో ఐవర్ జాన్సన్ కంపెనీ పాత రివాల్వర్ కొన్నాను. .32 ఎస్ అండ్ డబ్ల్యూ (స్మిత్ అండ్ వెసన్) తూటా వాడేది, 3 అంగుళాల బారెల్. గన్‌స్మిత్ చూసి పర్వాలేదన్నాడు. కొత్తగా కొన్న రాడార్ క్రోనోగ్రాఫ్ (తూటా వేగం కొలిచే మెషీన్) పెట్టి రేంజ్‌లో కాల్చాను. ఫ్యాక్టరీ తూటాల పెట్టె మీద సెకనుకు 680 అడుగులని ఉంది. నాకేమో 540, 590, 565 వచ్చాయి. మెషీన్ వాపస్ ఇచ్చేయనా?

జవాబు: వద్దండీ, మెషీన్ బాగానే ఉంది. పెట్టె మీది అంకె మీ రివాల్వర్‌ది కాదు, కంపెనీ ల్యాబ్‌లో బిగించిన టెస్ట్ బారెల్‌ది. చాలాసార్లు ఆ బారెల్‌కి వెనక సందు ఉండదు. రివాల్వర్‌లో తూటాలు పెట్టే సిలిండర్‌కీ బారెల్‌కీ మధ్య సందు తప్పదు, లేకపోతే సిలిండర్ తిరగదు. కొత్త రివాల్వర్‌లోనే అది 0.1 నుంచి 0.15 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. వందేళ్ల కిందటి దానిలో కీళ్లు వదులై ఇంకా పెరిగి ఉండొచ్చు. తూటాను తోయాల్సిన గ్యాస్ కొంత అక్కడే పక్కలకు పోతుంది. బారెల్ లోపలి గాడులు అరిగిపోయి ఉంటే ఇంకాస్త నష్టం.

అంతకంటే ఆసక్తికరమైనది మీ రీడింగుల మధ్య 50 అడుగుల తేడా. ఈ తూటా 1878లో పాతకాలపు నల్ల తుపాకీ మందు (బ్లాక్ పౌడర్) కోసం పుట్టింది. అప్పట్లో మందు తూటా తొట్టి (కేస్) నిండా ఉండేది. ఇప్పటి పొగరాని మందు చిటికెడు చాలు, తొట్టిలో చాలా భాగం ఖాళీ. ఆ చిటికెడు మందు వెనక ప్రైమర్ (నిప్పు పుట్టించే మూత) వైపు ఒదిగి ఉంటే చురుగ్గా అంటుకుంటుంది, ముందు తూటా వైపు జారి ఉంటే మందకొడిగా. అంటే కాల్చే ముందు బారెల్‌ను కింది నుంచి పైకి తెచ్చారా, పై నుంచి కిందికి దించారా అన్నదాన్ని బట్టే స్పీడ్ మారిపోతుంది. ప్రతిసారీ ఒకే పద్ధతిలో, లక్ష్యం వైపే ఉంచి ఎత్తండి. కనీసం పది రౌండ్ల సగటు తీయండి. మూడు రౌండ్లతో తీర్పు చెప్పేయడం తొందరపాటు.

స్పీడ్ 17 శాతం తగ్గితే శక్తి దాదాపు 30 శాతం తగ్గుతుంది. 88 గ్రెయిన్ల, అంటే 5.7 గ్రాముల సీసం తూటా 680 దగ్గర సుమారు 122 జూల్స్ ఇస్తే, 565 దగ్గర 85 మాత్రమే. రైఫిల్ నుంచి వెళ్లే మామూలు .22 తూటాకి 180 దాటుతుంది. నీరసంగా అనిపిస్తుంది, నిజమే. కానీ కంపెనీలు కావాలనే ఇంత మెత్తగా నింపుతాయి. ఎవరి ఇంట్లో ఎంత పాత రివాల్వర్ ఉందో వాళ్లకేం తెలుసు?

కాబట్టి ఘాటైన తూటాల కోసం వెతకొద్దు. మీ గన్‌స్మిత్‌ని ఒక్కటి అడగండి, ఇది 1909కి ముందుదా, తర్వాతదా అని. ఐవర్ జాన్సన్ పొగరాని మందుకి తగ్గట్టు డిజైన్ మార్చింది అప్పుడే. ముందుదైతే ఇప్పటి ఫ్యాక్టరీ తూటాలు కూడా ఆపేయండి, గోడకి తగిలించుకోండి. ఇంకో చిక్కు ఉంది. కొన్ని పాత రివాల్వర్లలో సిలిండర్‌లో తూటాలు కూర్చునే గదులు మెట్టు లేకుండా తిన్నగా తొలిచేశారు. వాటిలో పొడవైన .32 లాంగ్ కూడా దూరిపోతుంది. దూరిందని కాల్చకూడదు. .32 లాంగ్ గరిష్ఠ పీడనం 15,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), అదే వరసలో ఇటీవల వచ్చిన .327 ఫెడరల్‌ది 45,000.

ప్రశ్న: కర్నూలు నుంచి రాస్తున్నా. మా నాన్నగారి నుంచి లైసెన్సుతో సహా వచ్చిన వెబ్లీ .32 రివాల్వర్ ఉంది. పిస్టల్ .32 రౌండ్లు కూడా దీంట్లో పడుతున్నాయి. వాడొచ్చా?

జవాబు: అస్సలు వద్దు. పడడం వేరు, సరిపోవడం వేరు. రెండిటినీ మన దగ్గర 'థర్టీటూ' అనే అంటారు కనుక ఈ గందరగోళం. వెబ్లీకి కావలసింది రివాల్వర్ రౌండ్ (.32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్). పిస్టల్‌ది 7.65 ఎం.ఎం., దాని పీడన పరిమితి 20,500 పీఎస్ఐ, రివాల్వర్ రౌండ్‌ది 15,000. తొట్టి వ్యాసం రెండిటికీ దాదాపు ఒకటే కాబట్టి లోపలికి పోతుంది. పిస్టల్ రౌండ్ అడుగు అంచు చిన్నది, సిలిండర్‌కి అంటీ అంటనట్టు ఆనుతుంది. డీలర్ దగ్గర పెట్టె మీద 'రివాల్వర్' అన్న మాట చూసే తీసుకోండి. లైసెన్సు మీ పేరున మారిందో లేదో కూడా ఒకసారి సరిచూసుకోండి.

ప్రశ్న: ఇలాంటి పాత రివాల్వర్‌కి డబ్బు పెట్టి బాలిస్టిక్ యాప్ (తూటా దారి లెక్కగట్టేది) కొనాలా?

జవాబు: అనవసరం. 565 అడుగుల వేగంతో 7 మీటర్ల దూరానికి తూటా కిందికి జారేది 8 మిల్లీమీటర్లు. క్రోనోగ్రాఫ్‌తో వచ్చే ఉచిత యాప్‌లో రౌండ్లు, ఆరోజు ఉష్ణోగ్రత రాసుకుంటే చాలు. మిగిలిన డబ్బుతో బైక్ మెకానిక్‌లు సన్నటి సందులు కొలవడానికి వాడే ఫీలర్ గేజ్ కొనండి. సిలిండర్ పూర్తిగా ఖాళీ చేసి, సిలిండర్‌కీ బారెల్‌కీ మధ్య సందు ఎంతుందో కొలిపించండి.