కెలాడియం ఆకులన్నీ వాలిపోయాయి, మొక్క చచ్చిపోయినట్టేనా?

డిసెంబరు నుంచి ఒక్కో ఆకూ పసుపు పచ్చబడి వాలిపోయిందని, రోజూ నీళ్లు పోస్తున్నా కొత్త ఆకు రావట్లేదని రాశారు. ముందు ఆ నీళ్లు ఆపేయండి. మొక్క చచ్చిపోయి ఉండకపోవచ్చు. చలికి దుంప నిద్రపోతుంది. కెలాడియం మన చేమ, కంద కుటుంబానిదే. కంద ఆకు ఎండిపోయాకే కదా దుంప తవ్వుతాం, ఇదీ అంతే.

నేనూ మొదటి ఏడాది ఈ తప్పే చేశాను. మాది హైదరాబాద్‌లో ఫ్లాటు, మొక్క బాల్కనీలో ఉండేది. ఆకులు వాలుతుంటే నీళ్లు చాలడం లేదనుకుని ఇంకా పోశాను. ఫిబ్రవరిలో కుండీ బోర్లిస్తే గుప్పుమని కుళ్లు వాసన. దుంపను పట్టుకుంటే వేలు లోపలికి దిగిపోయింది. ఏడుపొచ్చినంత పనైంది. ఒక పక్క మాత్రం గోళీకాయంత ముక్క గట్టిగా ఉంది, దానికి మొలక వచ్చే కన్ను కూడా ఒకటి ఉంది. మెత్తబడిందంతా చాకుతో కోసేసి, కోసిన చోట గోధుమరంగు మచ్చ లేకుండా చూసుకుని, రెండు రోజులు నీడలో ఆరబెట్టి పొడి ఇసుకలో పెట్టాను. ఎండలు ముదిరాక మట్టిలో నాటితే మొలకెత్తింది. ఆ మొదటి ఆకు నా బొటనవేలంతే, కానీ దాన్ని రోజుకు పదిసార్లు చూసుకున్నాను.

మీరూ ఇప్పుడే దుంప బయటికి తీసి నొక్కి చూడండి. చేతికి కవరు తొడుక్కోండి, చేమదుంపలాగే దురద పెడుతుంది. పిల్లలు, పెంపుడు జంతువులు నోట్లో పెట్టుకోకుండా జాగ్రత్త. దుంప గట్టిగా ఉంటే మట్టి దులిపి, గాలాడే పొడి చోట ఉంచండి. ఫ్రిజ్‌లో మాత్రం వద్దు, ఆ చల్లదనానికి పాడవుతుంది.

మార్చిలో, రాత్రుళ్లు కూడా వెచ్చగా ఉన్నప్పుడు, కన్ను పైకి ఉండేలా రెండంగుళాల లోతున నాటండి. ఒట్టి కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) వాడకండి, తడి పట్టుకుని వదలదు. నేను ఎర్రమట్టి, ముతక ఇసుక, వర్మీకంపోస్టు సమంగా కలుపుతాను. మొలక వచ్చేదాకా మట్టి కాస్త చెమ్మగా ఉంటే చాలు. కుండీ కింద పళ్లెంలో నీళ్లు నిలవనివ్వకండి.

మధ్యాహ్నపు ఎండ తగిలితే ఆకులోని తెల్ల భాగం కాగితంలా ఎండిపోతుంది. మరీ చీకటైతే కాడలు సాగి పడిపోతాయి. తూర్పు కిటికీ దగ్గర నాకు బాగా వచ్చింది.