సెల్లార్ తవ్వకముందే: మారేడ్‌పల్లిలోని అమ్మాయికి పెదనాన్న ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

మీ పక్కింటివారు స్థలాన్ని డెవలప్‌మెంటుకు ఇచ్చారనీ, అక్కడ సెల్లారుతో ఐదంతస్తుల అపార్ట్‌మెంటు రాబోతున్నదనీ, కాలనీ సంఘం తరఫున అభ్యంతరాల పత్రం నీవే తయారు చేస్తున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఇంటి గోడలకు రోజూ రెండు పూటలా తానే నిలబడి నీళ్లు కొట్టిన మనిషి మీ నాన్న. ఆయన కూతురు వీధివారందరి తరఫున కలం పట్టిందని విని పొంగిపోయాను. అయితే తవ్వేది మీ గోడ పక్కనేనని తెలిసిన తరువాత రాత్రంతా నిద్ర పట్టలేదు.

నీకు తెలిసిన పనులను క్లుప్తంగా చెబుతాను. మున్సిపాలిటీ ఆమోదించిన ప్లాను నకలు కోసం 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టు. 30 రోజులలో జవాబు రావాలి. ఇళ్ల కట్టడాలకు ఆన్‌లైనులో అనుమతులిచ్చే 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం వచ్చిన తరువాత అనుమతులు త్వరగా వస్తున్నాయి గనుక, ఆ జవాబు కోసం చేతులు కట్టుకొని కూర్చోవద్దు. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించినా రెరాలో, అంటే స్థిరాస్తి వ్యాపారాన్ని నియంత్రించే సంస్థలో, నమోదు తప్పనిసరి. ఆ వెబ్‌సైటులోనూ ప్లాను దొరుకుతుంది. ప్లానులో చూపిన సెట్‌బ్యాకులను, అంటే కట్టడం చుట్టూ వదలవలసిన ఖాళీ జాగాను, టేపుతో కొలిచి చూసుకో. చెట్లు కొట్టాలంటే నీరు, భూమి, చెట్ల రక్షణకు ఉన్న వాల్టా చట్టం కింద అనుమతి ఉండాలి. రాత్రి 10 దాటితే శబ్ద కాలుష్య నియమాలు మరింత కఠినంగా ఉంటాయి. ఇవన్నీ నీవు చేయగలవు.

నేను చేయలేకపోయినది వేరే ఉంది. 1997లో మా వనస్థలిపురం వీధిలో మొదటి అపార్ట్‌మెంటు మొదలైనప్పుడు సంఘం కార్యదర్శిని నేనే. ఆ స్థలాన్ని ఆనుకొని ఒక రిటైరైన పంతులమ్మ ఒంటరిగా ఉండేవారు. మేము వారం వారం సమావేశాలు పెట్టి, మూడంతస్తులా ఐదంతస్తులా, బ్రహ్మచారులకు అద్దెకిస్తారా, కార్లు ఎక్కడ నిలుపుతారు అని గంటల తరబడి వాదించుకున్నాము. 64 సంతకాలతో మూడు పేజీల వినతిపత్రం వ్రాశాను. అందులో ఆమె గోడ ప్రస్తావన ఒక్క వాక్యం కూడా లేదు. జూన్‌లో సెల్లార్ తవ్వకం మొదలైంది. కింద బండ తగలడంతో కంప్రెసర్లు పెట్టి పగలగొట్టడం ప్రారంభించారు. ఒక సాయంత్రం ఆమె మా గుమ్మం దగ్గరకు వచ్చి, "బాబూ, గోడ మొదట్లోనే తవ్వుతున్నారు, ఏమీ కాదు కదా?" అని అడిగారు. నేను వెళ్లి చూడలేదు. "ఏమీ కాదమ్మా, ఇంజనీర్లుంటారు కదా" అన్నాను.

జులైలో రెండు రోజుల ముసురుకు ప్రహరీ గోతిలోకి కూలిపోయింది. వంటగది గోడ కిటికీ పైనుంచి నేల దాకా నెర్రె విచ్చింది. బిల్డర్ వచ్చి, ఆ పగుళ్లు పాతవేనన్నాడు, కావని చెప్పడానికి ఆధారమేదని అడిగాడు. అధికారులు మా వినతిపత్రం తిరగేసి, ఈ గోడ గురించి ముందు ఎందుకు చెప్పలేదన్నారు. నా దగ్గర జవాబు లేదు. గోడ కదలిక తెలిసేటట్లు ముందే అతికించిన పదిరూపాయల గాజుముక్క, ఒక్క ఫొటో ఉండి ఉంటే సరిపోయేది. ఆమె పింఛను డబ్బులతో గోడ కట్టించుకున్నారు. రెండేళ్లకు ఇల్లు అమ్మి తమ్ముడి దగ్గరకు వెళ్లిపోయారు. వెళ్లేటప్పుడు కూడా నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఆ మౌనాన్ని ఈనాటికీ భరించలేకపోతున్నాను, తల్లీ.

అందుకే చెబుతున్నాను: తవ్వకం మొదలుకాకముందే మీ ఇంటితో పాటు ఆ స్థలం చుట్టూ ఉన్న ప్రతి ఇంటి గోడలనూ, కప్పులనూ, నేలనూ తారీఖు కనబడేటట్లు ఫొటోలు తీయించు. ఇప్పటికే ఉన్న పగుళ్లను దాచవద్దు. వాటికి అడ్డంగా సన్నని గాజుముక్కలు అతికించి తేదీ వ్రాయించు, గోడ కదిలితే గాజు విరుగుతుంది. ఒక ప్రైవేటు సివిల్ ఇంజనీరు చేత నివేదిక వ్రాయించి, ఒక ప్రతిని బిల్డరుకూ మరొకటి మున్సిపాలిటీకీ స్పీడ్ పోస్టులో పంపు. అంచున మట్టి జారకుండా ఆపే రిటైనింగ్ గోడ ఎలా కడతారో, వానాకాలంలో తవ్వకం ఆపుతారా లేదా అన్నది కాగితం మీద అడుగు. నోటిమాట తీసుకోవద్దు.

ఇక నీవు పంపిన ముసాయిదాలో "అద్దెకు వచ్చేవారి వల్ల కాలనీ వాతావరణం చెడిపోతుంది" అన్న వాక్యం చదివి నాకు కోపం వచ్చింది. బెంగళూరులో ఒంటరి ఆడపిల్లకు ఇల్లు ఇవ్వబోమని నాలుగుచోట్ల నీ మొహం మీదే తలుపు వేస్తే, ఏడుస్తూ నాకు ఫోను చేసినది నీవే కదా! మేమూ ఆ అపార్ట్‌మెంటులో దిగినవారితో మూడేళ్లు మాట్లాడలేదు. గోయి తవ్వినది వారు కాదు. ఆ వాక్యం కొట్టివేసి, ఆ చోట మంచినీళ్ల గురించీ డ్రైనేజీ పైపు చాలినంత ఉందా అన్న దాని గురించీ వ్రాయి. కటువుగా అన్నాననుకోకు, నీవు తప్పు చేస్తే నాకు నొప్పి ఎక్కువ.

మీ అమ్మ మంచం ఆ గోడవైపు గదిలోనే ఉన్నదట. ఈ ఉత్తరం అందిన రోజే దానిని ముందు గదిలోకి మార్పించు. ఆదివారం ఉదయం టేపు, గాజుముక్కలు తీసుకొని నేనూ వస్తాను. ఆనుకొని ఉన్న ఇళ్లవారిని ఇళ్లల్లో ఉండమని చెప్పి ఉంచు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న