బుజ్జీ, గైడుకు ముందు మీ అమ్మానాన్నల గురించి చెప్పు

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ దీవించి రాయునది.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. "అక్కా, మేలో మేము పోతాము గదా, వాడు జపాన్‌లో యోకోహామా చూపిస్తాడంట. మా ఇద్దరి కోసమే ఒక గైడమ్మను మాట్లాడినాడంట, సగం రోజుకు" అని ఒకటే సంబరం. దాని గొంతులో అంత హుషారు విని చాలా కాలమైంది. కన్నవాళ్లను అంత దూరం రప్పించుకుని, ఊరు చూపించడానికి వాళ్లకంటూ ఒక మనిషిని పెట్టాలని నీకు తోచిందే, అందుకు నా కడుపు నిండింది నాయనా. ఫోన్ పెట్టేశాక మాత్రం గుండె కలుక్కుమంది. ఎందుకో చెప్పాలనే వాట్సాప్‌లో రెండు ముక్కలతో సరిపెట్టకుండా ఇంత ఉత్తరం రాస్తున్నాను. విసుక్కోకుండా చివరిదాకా చదువు.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. సోమవారం పెట్టుకోకు, హికావా మారు ఓడ, సిల్క్ మ్యూజియం ఆ రోజు మూసి ఉంటాయి. మే మొదట్లో వచ్చే గోల్డెన్ వీక్ సెలవుల రద్దీ తగ్గాక మే రెండో వారంలో అయితే ఎండా ముదరదు, వానలూ ఇంకా పట్టుకోవు, యమషిత పార్కులో గులాబీలు విచ్చుకుని ఉంటాయి. పొద్దున ఎనిమిది గంటల రైల్లో మీ అమ్మను ఎక్కించకు. టోక్యోలో నిషి-కసాయి దగ్గర తోజై రైలు లైను ఆ వేళప్పుడు ఎట్లా కిక్కిరిసి ఉంటుందో రోజూ ఎక్కేవాడివి, నీకు చెప్పాలా. పదిన్నరకు మొదలుపెట్టండి. గైడును కలిసే చోటు యోకోహామా స్టేషన్ అని మాత్రం అనుకోకు, అదొక పద్మవ్యూహం. సకురగిచో స్టేషన్ చిన్నది, తేలిక. 1872లో జపాన్ మొదటి రైలు మార్గం టోక్యోలోని షింబషి నుంచి వచ్చి ముగిసింది కూడా అక్కడే. మీ నాన్నకు ఆ మాట చెప్పు, సంతోషిస్తారు.

డబ్బు సంగతి. ఇట్లాంటి గైడులు మామూలుగా మనిషికి ఇంత అని కాకుండా బృందం మొత్తానికి ఒక ధర చెబుతారు. దానిమీద రైలు చార్జీలు, టికెట్లు, గైడువి కూడా మనమే పెట్టుకోవాల్సి ఉంటుంది. ముందే అడిగి రాయించుకో. టిప్పు ఇవ్వకు, అక్కడ ఆ అలవాటు లేదు. మీ అమ్మ తెచ్చే సున్నుండల్లో నాలుగు చిన్న డబ్బాలో పెట్టి ఇస్తే చాలు. 2018 నుంచి లైసెన్సు లేనివాళ్లు కూడా డబ్బు తీసుకుని గైడు పని చేయవచ్చు. అయినా ప్రభుత్వ పరీక్ష రాసి రిజిస్టరైన గైడు దొరికితే వాళ్లనే పెట్టుకో. సొంత కారులో తిప్పుతామని ఎవరైనా అంటే ఒప్పుకోకు. డబ్బు తీసుకుని మనుషులను తిప్పే బండికి అక్కడ మామూలుగా ఆకుపచ్చ నంబరు ప్లేటు ఉండాలి. తెల్ల ప్లేటు సొంత బండికి మామూలుగా ఆ అనుమతి ఉండదు, ఏదైనా జరిగితే దిక్కుండదు.

ఇక అసలు సంగతికి వస్తాను.

మేము అక్కడ ఉన్న రోజుల్లో మా మామగారు వచ్చారు. పల్లె బడిలో పంతులుగా చేసి రిటైరైన మనిషి. విమానం ఎక్కడం అదే మొదలు. ఆగస్టు నెల. మీ పెద్దనాన్నకు తండ్రి అంటే ప్రాణం, ఆయనకు చూపించనిది ఏదీ మిగలకూడదు. తెలిసిన ఏజెన్సీ ద్వారా సగం రోజుకు ఒక గైడును మాట్లాడారు. పెద్ద వయసు జపాన్ ఆమె, చేతిలో మడిచిన గొడుగు, మాట మెత్తన. మీ పెద్దనాన్న ఆమె చేతికి ఒక కాగితం ఇచ్చారు. సంకేఎన్ తోట, విదేశీయుల శ్మశానం ఉన్న గుట్ట, మోటోమాచి, చైనాటౌన్, యమషిత పార్కు, హికావా మారు, అప్పటికి కొత్తగా లేచిన ల్యాండ్‌మార్క్ టవర్. ఒక్కో దాని పక్కన నిమిషాలు కూడా వేశారు. ఆమె ఆ కాగితం రెండుసార్లు చదివి, మా మామగారి చెప్పుల వైపు చూసి, "కొంచెం కష్టమవుతుందేమో" అన్నది. అక్కడివాళ్లు అంత మాట అన్నారంటే వద్దని చెప్పినట్టే. మీ పెద్దనాన్నకు ఆ సంగతి బాగా తెలుసు, ఆఫీసులో రోజూ వినే మాటే. ఆ రోజు మాత్రం వినిపించుకోలేదు.

సంకేఎన్‌లో చెరువు దాటి, మూడంతస్తుల పగోడా ఉన్న గుట్ట ఎక్కుతున్నాము. 1457లో కట్టిన పగోడా అది, 1914లో క్యోటో వైపు నుంచి తెచ్చి అక్కడ నిలబెట్టారు. గైడు అదే చెబుతూ ఉంది. మామగారు మెట్ల మీద కూర్చుండిపోయారు. పెదవులు తెల్లగా ఎండిపోయి ఉన్నాయి. ఏమైందంటే మాట రాలేదు. మీ పెద్దనాన్న చేతిలో గడియారం చూసుకుంటూ "రెండు నిమిషాలు కూర్చోండి నాన్నా, సర్దుకుంటుంది" అన్నారు. గైడు ఒక్క మాట మాట్లాడకుండా తన చేతిరుమాలు తడిపి, నాలుగు మడతలు పెట్టి, ఆయన మెడ వెనక అద్దింది. గొడుగు నా చేతికిచ్చి నీడ పట్టమన్నది. తోట మనిషి ఒకాయన వెళుతుంటే పిలిచి అంబులెన్సు కోసం 119కి ఫోన్ చేయించింది.

ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించాక తేరుకున్నారు. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, పొద్దుటి నుంచి ఎన్ని నీళ్లు తాగారు అని. తాగలేదు. ఒక్క చుక్క తాగలేదు. నేను బ్యాగులో పెట్టిన సీసా మూత కూడా తీయలేదు. ఎందుకు మామయ్యా అంటే చాలాసేపు చెప్పలేదు. చివరికి గోడ వైపు తిరిగి, "తాగితే బాత్రూముకు పోవాల్సి వస్తుంది. ఎక్కడుందో తెలియని ఊరు. పరాయి ఆడమనిషిని ఎట్లా అడిగేది? మీ తిరుగుడంతా నా వల్ల ఆగిపోతుంది గదా" అన్నారు.

మీ పెద్దనాన్న ఆ మాట విని గదిలోంచి లేచి వెళ్లిపోయారు. నేను కారిడార్లోకి వెళ్లి చూస్తే, ఆ గైడు ఇంకా అక్కడే బెంచీ మీద కూర్చుని ఉంది. తన వేళ ఎప్పుడో అయిపోయింది. ఎక్కువ డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. "నేను ముందే అడిగి ఉండాల్సింది" అని తలవంచింది. అడగాల్సింది ఆమె కాదు నాయనా. చెప్పాల్సింది కొడుకు. ఆయన్ను నేను తప్పుపట్టను. తండ్రికి అంతా చూపించాలన్న ఆత్రంలో తండ్రి ముఖం చూడలేదు, అంతే. ఆ తర్వాత మామగారు బతికినన్నాళ్లూ, ఎక్కడికి బయలుదేరినా మీ పెద్దనాన్న ముందుగా బాత్రూములు ఎక్కడున్నాయో కనుక్కుని వచ్చేవారు.

నా భయం ఇదే. మీ అమ్మ అచ్చంగా మా మామగారి లాంటిదే. మోకాళ్లు నొప్పులంటే ఎవరు నమ్ముతారు, నవ్వుతూ నడుస్తుంది. ఇంటికి వచ్చాక చాటుగా నూనె రాసుకుంటుంది. మీ నాన్న పొద్దున వేసుకునే బీపీ మాత్రకు మాటిమాటికి బాత్రూముకు పోవాలి. ఆ రోజుకు మాత్ర మానేస్తానంటారు, నేను పందెం వేస్తాను. మాననివ్వకు. ఏ వేళకు వేసుకోవాలో ఇక్కడి నుంచి బయలుదేరే ముందే డాక్టరును అడగమను. కాబట్టి నువ్వు గైడుకు రాసే మొదటి ఉత్తరంలో ఏమేం చూడాలో రాయొద్దు. వీళ్లెవరో రాయి. గంటకొకసారి బాత్రూము దగ్గర ఆగాలి, కూర్చునే సీటు ఉన్నది కావాలి, ఎవరూ అడక్కుండానే ఆమే ఆపాలి అని స్పష్టంగా రాయి. మెట్లు ఎక్కలేరని రాయి. అట్లా రాస్తే నీకేమీ చిన్నతనం కాదు. ఆ ఊరి గురించి ఆమెకు నువ్వు చెప్పక్కర్లేదు, వీళ్ల గురించి మాత్రం నువ్వు తప్ప ఎవరూ చెప్పలేరు.

ఇంకొకటి కూడా రాయి. మీ అమ్మ చదివింది మదనపల్లె బి.టి. కాలేజీలో. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ వచ్చి ఉండి, జనగణమనను ఇంగ్లీషులోకి రాసింది అక్కడే. దానికి మూడేళ్ల ముందు, 1916లో, ఆయన జపాన్ వచ్చినప్పుడు కొంతకాలం ఉన్నది ఈ సంకేఎన్ తోటలోనే. ఆ తోట కట్టించిన హర తొమితరో పట్టు వ్యాపారి, ఠాగూర్‌ను తన ఇంట పెట్టుకున్నాడు. ఈ సంగతి నాకు అక్కడికి వెళ్లిన చాలా రోజులకు తెలిసింది. ఆ రోజు మీ అమ్మ పక్కన ఉంటే ఎంత బాగుండు అనుకున్నాను. గైడు మామూలుగా చెప్పేవాటిలో ఇది ఉంటుందో ఉండదో, నువ్వు ముందే చెబితే ఆమె సరైన చోట నిలబెట్టి చెబుతుంది. చెరువు చుట్టూ చదునైన దారి చాలు, గుట్ట ఎక్కించకు. పగోడా కింద నుంచే బాగా కనబడుతుంది.

మీ నాన్నకు పట్టు సంగతులు చూపించు. నీరుగట్టువారిపల్లెలో మగ్గాల మధ్య పుట్టి పెరిగిన మనిషిని తీసుకెళ్లి నూడుల్స్ మ్యూజియంలో నిలబెడితే ఏం లాభం చెప్పు? 1859లో యోకోహామా రేవు తెరిచాక ఆ ఊరిని పెంచింది పట్టే. సిల్క్ మ్యూజియంలో పట్టుపురుగు నుంచి దారం దాకా ఉంటుంది. అక్కడ ఆయన్ను తొందరపెట్టకు. దారం పట్టుకుని ఆయన గైడుకే పాఠం చెబుతారు, చెప్పనివ్వు.

సంకేఎన్ నుంచి యమషిత పార్కుకు టాక్సీలో రండి. టాక్సీ తలుపు దానంతటదే తెరుచుకుని మూసుకుంటుంది, మీ నాన్నను లాగొద్దని చెప్పు. 1923 భూకంపంలో కూలిన ఊరి శిథిలాలు సముద్రంలో పోసి, ఆ నేల మీద వేసిన పార్కు అది, 1930లో తెరిచారు. అందులో ఒక మూల చిన్న గుమ్మటం కింద నీళ్ల కుళాయి ఉంటుంది. ఆ భూకంపంలో ఊరివాళ్లు చేసిన సాయానికి కృతజ్ఞతగా అక్కడి భారతీయులు 1939లో కట్టించి ఇచ్చారు. చనిపోయిన మనవాళ్ల జ్ఞాపకం కూడా అదే. తల ఎత్తి లోపలి కప్పు చూడమను, రంగురంగుల మొజాయిక్ ఉంటుంది. నేను ఎప్పుడు వెళ్లినా అక్కడ ఒక్క నిమిషం చేతులు జోడించేదాన్ని.

తిండికి చైనాటౌన్ నమ్ముకోకు. కూరగాయలదే అన్న బన్నులో కూడా పంది కొవ్వు ఉండొచ్చు, కూర ఉడికిన నీళ్లలో చేప ఉండొచ్చు. మీ నాన్న గుడ్డు కూడా ముట్టరు. ముందు రోజు రాత్రి మీ అమ్మతో పులిహోర కలిపించు, పార్కు బెంచీ మీద సముద్రం చూస్తూ తినండి. చెత్త వేయడానికి డబ్బాలు దొరకవు, ఒక సంచి పెట్టుకుని ఇంటికి తెచ్చుకోండి. గైడును కూడా తినమనండి.

మిగిలిన వేళకు ఓసంబషి. అది ఓడలు ఆగే జెట్టీ, పైకప్పంతా చెక్క పరిచి మెల్లగా ఏటవాలుగా కట్టారు, ఒక్క మెట్టు ఎక్కకుండా పైదాకా వెళ్లొచ్చు. మీ అమ్మ మోకాళ్లకు అంతకంటే మంచి చోటు ఆ ఊళ్లో లేదు. ఒక పక్క ఎర్ర ఇటుకల గోదాములు, ఇంకో పక్క బే బ్రిడ్జి, మధ్యలో అఖాతమంతా కనబడుతుంది. గాలి గట్టిగా వీస్తుంది, శాలువా పెట్టుకో. ఇద్దరూ అలసిపోకపోతే యమషిత పార్కు నుంచి సీ బాస్ పడవలో యోకోహామా స్టేషన్ పక్కకు తిరిగి రావొచ్చు. అలసిపోతే వద్దు. హికావా మారును గట్టు మీది నుంచి చూస్తే చాలు, లోపల మెట్లు నిటారుగా ఉంటాయి.

గైడు ఇంగ్లీషులో చెబుతుంది, మీ అమ్మ అర్థమైనా కాకపోయినా తల ఊపుతుంది. నువ్వు ఫోటోలు తీసుకుంటూ వెనకబడకు. అమ్మ పక్కనే నడువు, రెండు మాటలకొకసారి ఆపమని చెప్పి తెలుగులో చెప్పు. చిన్నప్పుడు తిరుపతి కొండ మీద ఒక్కో గోపురం దగ్గర ఆగి, అదేంటి ఇదేంటి అని ప్రాణం తీస్తుంటే, ఆ ఎండలో నిన్ను చంకనేసుకుని ఓపిగ్గా చెప్పింది మీ అమ్మే కదరా.

గైడుకు ఉత్తరం ఈ ఆదివారం లోపల రాయి. పంపే ముందు నాకు ఒకసారి చూపించు. మీ నాన్న మాత్రల పేర్లు, మోతాదు ఇంగ్లీషులో రాసిన కాగితం నేను మీ అమ్మతో ఫోటో తీయించి పంపిస్తాను. అది ఆ రోజు నీ జేబులో ఉండాలి, బ్యాగులో కాదు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ