బావమరిది హార్వెస్టర్‌కు షూరిటీ సంతకం పెట్టాలా?

ప్రశ్న: మిర్యాలగూడ దగ్గర ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుడిని. నెలకు 62 వేలు చేతికి వస్తాయి. నా భార్య తమ్ముడు బ్యాంకులో 15 లక్షల అప్పు తీసుకుని వరికోత హార్వెస్టర్ కొంటున్నాడు. ఐదేళ్లపాటు ఆరు నెలలకో వాయిదా కట్టాలి. నన్నూ మరో ఉపాధ్యాయుడినీ షూరిటీ ఉండమని అడిగాడు. ‘పేరుకే సంతకం, కట్టేది నేనే కదా బావా’ అంటున్నాడు. వద్దంటే ఇంట్లో గొడవ. రెండేళ్లలో నల్లగొండలో ఇల్లు కొనాలని మా ఆలోచన. 2022లో ఒక సహోద్యోగి చిట్టీకి కూడా షూరిటీ ఉన్నాను. నన్నేం చేయమంటారు?

జవాబు: ఈ సంతకం పెట్టవద్దు. మీ బావమరిది నిజాయతీ మీద నాకు ఏ అనుమానమూ లేదు. అతను ఎంత మంచివాడైనా, వాయిదా తప్పిన రోజున బ్యాంకు చూసేది మీ జీతం వైపే.

‘పేరుకే సంతకం’ అనే మాట చట్టంలో లేదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే విధంగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యత ఉందో పూచీ పడ్డవాడికీ అంతే ఉంటుంది. ముందు అతన్ని అడిగి, యంత్రాన్ని జప్తు చేసి, ఆ తర్వాతే నా దగ్గరకు రావాలి కదా అని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. అసలు అప్పుదారుపై మార్గాలన్నీ అయిపోయేదాకా బ్యాంకు ఆగనక్కర్లేదని 1969లోనే బ్యాంక్ ఆఫ్ బిహార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంకో ఉపాధ్యాయుడు కూడా ఉన్నారు కాబట్టి సగమే మీది అనుకోకండి. బ్యాంకు మొత్తం బాకీని మీ ఒక్కరి దగ్గరే అడగవచ్చు. ఆయన వాటా రాబట్టుకోవడం తర్వాత మీరు పడాల్సిన పాట్లు.

ఇక లెక్క చూద్దాం. వడ్డీ 11 శాతం అనుకుంటే, 15 లక్షలకు ఆరు నెలల వాయిదా సుమారు 1 లక్షా 99 వేలు. అంటే నెలకు 33 వేల చొప్పున పక్కన పెట్టాలి. ఆ భారం మీ మీద పడితే మీ 62 వేలలో మిగిలేది 29 వేలు. కోర్టు డిక్రీ దాకా వెళ్తే, సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ కింద జీతంలో మొదటి 1000 రూపాయలూ, మిగతా దానిలో మూడింట రెండు వంతులూ వదిలేసి తక్కినది జప్తు చేయవచ్చు. ప్రభుత్వ ఉద్యోగి జీతం ప్రతి నెలా ఒకే చోట దొరుకుతుంది. అందుకే మన జిల్లాలో అప్పుకైనా చిట్టీకైనా షూరిటీ అనగానే ముందుగా ఉపాధ్యాయుల జీతం సర్టిఫికెట్లు అడుగుతారు.

హార్వెస్టర్ సంపాదన గురించి కూడా సూటిగా చెప్పాలి. వానాకాలం, యాసంగి కోతలప్పుడు కొన్ని వారాలే దానికి పని. సాగర్ ఎడమ కాలువకు నీళ్లు రాని యాసంగిలో ఆయకట్టులో కోతలే తగ్గిపోతాయి. అప్పుడు యంత్రాన్ని వేరే ప్రాంతాలకు తోలుకుపోవాలి. డీజిలు, డ్రైవరు బత్తా, మరమ్మతులు ఎక్కడికి వెళ్లినా తప్పవు. అలాంటి ఏడాదిలో వాయిదా తప్పితే అది అతని మోసం కాదు. కానీ నిబంధనల్లో ఉన్న గడువు దాటితే బ్యాంకు ఆ ఖాతాను మొండి బాకీగా గుర్తిస్తుంది, ఆ మచ్చ మీ సిబిల్ నివేదికలోనూ, అంటే బ్యాంకులు చూసే మీ అప్పుల చరిత్రలోనూ కనిపిస్తుంది. అతను సక్రమంగా కడుతున్నా సరే, మీ ఇంటి అప్పు దరఖాస్తు చూసే అధికారి ఈ పూచీని పూర్తిగానో కొంతవరకో మీ బాకీగా లెక్కేసి, మీకిచ్చే మొత్తాన్ని తగ్గించవచ్చు. రెండేళ్లలో ఇల్లు కొనాలనుకునే మీకు ఇది చిన్న విషయం కాదు.

మధ్యలో తప్పుకోవడమూ కుదరదు. అప్పు చేతికి వచ్చాక బ్యాంకు ఒప్పుకుంటేనే మిమ్మల్ని వదులుతుంది, సాధారణంగా మరో షూరిటీని తెమ్మంటుంది. మీకేమైనా జరిగితే, మీరు వదిలివెళ్లిన ఆస్తి మేరకు ఆ భారం మీ భార్యాపిల్లలకు చేరుతుంది. మీ భార్యతో మాట్లాడేటప్పుడు ఈ విషయంతోనే మొదలుపెట్టండి. తమ్ముడి మీద ప్రేమ ఉన్న మనిషికి వడ్డీ లెక్కలకంటే పిల్లల ఇల్లు ఏమవుతుందనే మాటే ముందు అర్థమవుతుంది.

మరి అతనికి ఏ సాయమూ చేయవద్దా? తప్పకుండా చేయండి. తిరిగి రాకపోయినా మీ సంసారం కుంగని మొత్తం ఎంతో మీ ఇద్దరూ కూర్చుని తేల్చుకుని, దాన్ని అతని మార్జిన్ సొమ్ములో, అంటే అప్పు పోగా అతను సొంతంగా పెట్టాల్సిన వాటాలో వేయండి. అది లక్షే కావచ్చు, రెండు లక్షలే కావచ్చు. మీ నష్టం అక్కడితో ఆగుతుంది. మొదట పాత యంత్రాన్ని తక్కువ అప్పుతో తీసుకుని రెండు పంటలు నడిపి చూడమనండి. అలా అయితే అతనికీ వ్యాపారం తెలుస్తుంది.

ఇంత చెప్పినా సంతకం తప్పదంటే, ఖాళీలున్న కాగితం మీద మాత్రం పెట్టకండి. పూచీ ఈ ఒక్క అప్పుకేనా, అతను ముందు ముందు తీసుకునే వాటికి కూడానా అనేది చదవండి. ‘అన్ని బాకీలకూ’ అని ఉంటే కొట్టేయించండి. అతని పేరిట 15 లక్షల టర్మ్ బీమా తీయించండి. వాయిదా గడువుకు ముందే మీ ఫోనుకూ సందేశం వచ్చేలా బ్యాంకులో అడగండి. ఎప్పుడైనా మీరు కట్టాల్సి వస్తే బ్యాంకు ద్వారానే కట్టి రసీదు దాచండి. ఆ సొమ్ము అతని నుంచి రాబట్టుకునే హక్కు కాంట్రాక్టు చట్టం 145వ సెక్షన్ మీకిస్తుంది, కానీ రుజువు చూపాల్సింది మీరే.

మీరు చివర్లో రాసిన ఆ 2022 చిట్టీ సంగతి నన్ను ఎక్కువ కలవరపెట్టింది. పాట పాడుకుని డబ్బు ఎత్తిన సభ్యుడు వాయిదాలు ఆపితే చిట్టీ సంస్థ షూరిటీల దగ్గరకే వస్తుంది. స్టాఫ్ రూములో ‘నాకు నువ్వు, నీకు నేను’ అని పెట్టుకునే సంతకాలు ఇలాగే ఏళ్ల తరబడి మరుగున పడి ఉంటాయి. చిట్టీ పూచీలు సాధారణంగా సిబిల్‌లో కనిపించవు కాబట్టి అక్కడ వెతికి లాభం లేదు. ఈ వారంలోనే ఆ సహోద్యోగిని వెంటబెట్టుకుని చిట్టీ కార్యాలయానికి వెళ్లండి. ఇంకా ఎన్ని వాయిదాలున్నాయో, బకాయి ఏమైనా ఉందో రాతపూర్వకంగా తీసుకోండి. చిట్టీ ముగిసిపోయి ఉంటే మీరిచ్చిన హామీ పత్రాన్నీ జీతం సర్టిఫికెట్‌నూ తిరిగి అడిగి తెచ్చుకోండి.