“ఎంతకు కొన్నారు?” అని అడిగేవారికి ఏమని చెప్పాలి

మీరు రాయగడ నుంచి రాశారు. దత్తత కోసం పేరు నమోదు చేసుకున్నారు, సామాజిక కార్యకర్త వచ్చి ఇల్లు చూసి వెళ్లారు, బిడ్డ ఇంకా రాలేదు గానీ చుట్టాల మాటలు ముందే వచ్చేశాయి. వాటికి ఏమని జవాబు చెప్పాలి, ఎవరికీ తెలియకుండా ఊరు మారిపోవడం మంచిదా అని అడిగారు.

మాది ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న ఒడిశా ఊరు పర్లాకిమిడి. నాకు మందుల దుకాణం ఉంది. 2016లో నమోదు చేసుకుంటే 2019లో మా పాప ఇంటికి వచ్చింది. అప్పటికి తనకు పదిహేను నెలలు, ఇప్పుడు రెండో తరగతి. ఈ మధ్యలో నేను విన్న మాటలన్నీ రాస్తే దుకాణం జమాఖర్చుల పుస్తకం కంటే లావు అవుతుంది. కొన్నే చెబుతాను.

పాప రాకముందు ఒక పెద్దాయన బీపీ మాత్రలు తీసుకుంటూ, “ఇన్ని మందులు అమ్ముతావు, నీకు పనికొచ్చేది ఒక్కటీ దొరకలేదా బాబూ” అన్నాడు. చిల్లర ఇచ్చి పంపించాను. ఇంటికి వెళ్లాక మా ఆవిడకు చెప్పలేదు. తనూ నాకు చెప్పకుండా దాచుకున్నవి చాలా ఉన్నాయని కొన్నేళ్ల తర్వాత గానీ తెలియలేదు. మీరిద్దరూ అలా చేయకండి. విడివిడిగా మింగిన మాటలు ఎప్పుడో ఒక రాత్రి కూర ఉప్పు మీద గొడవై బయటికి వస్తాయి.

పాప వచ్చిన వారానికి పాతపట్నం నుంచి మా దూరపు పిన్ని ఒకామె చూడటానికి వచ్చింది. పాతపట్నం అంటే మాకు వేరే రాష్ట్రమే గానీ వేరే ఊరన్నట్టు ఉండదు. పాపను ఎత్తుకుని, బుగ్గ గిల్లి, “ఎంతకు కొన్నారు?” అంది. మా ఆవిడ ముఖం మాడిపోయింది. నేను నోరు తెరిచేలోపే మా అమ్మ అందుకుంది: “చేటెడు తవుడుకి. మీ ఆయన పేరు తవిటయ్య కదా చెల్లీ, ఆయన్ని ఎంతకు కొన్నారు?”

శ్రీకాకుళం వైపు వారికి ఇది విప్పి చెప్పనక్కరలేదు. పుట్టిన పిల్లలు దక్కకుండా పోతున్న ఇంట్లో, తర్వాత పుట్టిన బిడ్డను పొరుగువారికి ఇచ్చేసినట్టు ఇచ్చి, తవుడు పోసి తిరిగి కొనుక్కునేవారు. ఆ బిడ్డకు తవిటయ్య అనో తవిటమ్మ అనో పేరు. పిన్నిగారు నవ్వేసి కాఫీ తాగి వెళ్లింది. మా అమ్మకున్న నోరు అందరికీ ఉండదు. నాకైతే లేదు.

నోరు లేనివారికి రసీదు ఉంది. నమోదుకు, ఇంటి పరిశీలనకు కలిపి 6,000, బిడ్డను చూసుకున్న సంస్థకు 40,000 కట్టాం. 2022 నిబంధనల్లో ఈ రెండోది 50,000 అయింది. అది అక్కడ ఉండే పిల్లల సంరక్షణ నిధికి వెళుతుంది. బిడ్డను కొనడం, అమ్మడం బాలల న్యాయ చట్టం 81వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష పడే నేరం. గట్టిగా అడిగినవారికి ఈ సెక్షన్ చెబుతాను. రెండోసారి అడిగినవారు ఇంతవరకు లేరు.

“ఆశ్రమానికి వెళ్లి మంచిదాన్ని ఏరుకుని తెచ్చుకున్నారా?” అనేది ఇంకొకటి. చీరల దుకాణంలో పరిచి చూపిస్తారనుకుంటారు. దత్తతలు చూసే కేంద్ర సంస్థ కారా వారి పోర్టల్‌లో మన వరుస వచ్చినప్పుడు ఒక బిడ్డ ఫోటో, ఆరోగ్య నివేదిక, వివరాలు వస్తాయి. మాకు నలభై ఎనిమిది గంటలు గడువు. వేసవి మధ్యాహ్నం దుకాణంలో ఉండగా ఫోను మోగింది. ఫోటోలో గుండు, తనకంటే రెండింతలున్న పసుపు గౌను, ఎవరిమీదో కోపంగా ఉన్న ముఖం. గంట కూడా ఆగలేదు మేము.

కులం గురించి అడిగేవారు మాత్రం నేరుగా అడగరు. “రంగు మీ ఇంట్లో లేదే” అంటూ మొదలుపెడతారు, “ఏ వైపు పిల్లో” అని సాగదీస్తారు. టెక్కలిలో ఒక పెళ్లిలో ఎవరో పెద్దమనిషి పురోహితుడితోనే తేల్చుకుందామని పిల్ల గోత్రం ఏమిటవుతుందని అడిగాడు. ఆయన అక్షతలు కలుపుతూ తల కూడా ఎత్తలేదు. “దత్తతకు వచ్చాక తండ్రి గోత్రమే పిల్లది, ఇందులో అడగడానికి ఏముంది” అన్నాడు. శాస్త్రానికి లేని సందేహాలు పంక్తిలో కూర్చున్నవారికి ఎక్కువ.

మన సరిహద్దులో ఇంకో విచిత్రమైన ప్రశ్న ఉంది: “ఒడియా పిల్లా, తెలుగు పిల్లా?” పదిహేను నెలల బిడ్డకు భాష ఏమిటి? వచ్చినప్పుడు నీళ్లను ‘పాణి’ అనేది. నెల తిరిగేసరికి దాహం వేస్తే ‘పాణి’, స్నానానికి మాత్రం ‘నీళ్లు’ అనడం మొదలుపెట్టింది. ఈ ఊళ్లో పుట్టి పెరిగిన నేనూ కూరగాయల బండి దగ్గర అలాగే మాట్లాడతాను. గిడుగు రామమూర్తిగారు ఈ ఊళ్లోనే పాఠాలు చెప్పుకుంటూ సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు చేశారని చిన్నప్పుడు మాకు గొప్పగా చెప్పేవారు. మూడు భాషల ఊరు అది. అదే ఊళ్లో పాప భాషకు పుట్టుక ధ్రువపత్రం అడుగుతున్నారు.

ఆస్తి మాట తప్పకుండా వస్తుంది. “ఆడపిల్లను ఎందుకు తెచ్చుకున్నారు, పిండం ఎవరు పెడతారు?” అన్నది మా పెదనాన్న. ఆయన తప్పు కూడా పూర్తిగా కాదు. ఆయన విన్న దత్తతలన్నీ జమీందారుల నాటివి. పాత హిందూ ధర్మం ప్రకారం మగపిల్లవాడినే తీసుకునేవారు. ఆడపిల్లను తీసుకోవచ్చని 1956 చట్టం వచ్చాకే స్పష్టమైంది. మీ తోబుట్టువులు రేపు దావా వేస్తారని ఎవరైనా భయపెడితే, దత్తత ఆదేశం వచ్చిన రోజు నుంచి అన్ని విషయాల్లో, వారసత్వంతో సహా, ఆ బిడ్డ మీ బిడ్డే అని చట్టమే చెబుతోందని గుర్తుంచుకోండి. మాకు ఆ ఆదేశం కోర్టు ఇచ్చింది. 2022 సెప్టెంబరు నుంచి జిల్లా మేజిస్ట్రేటు ఇస్తున్నారు కాబట్టి మీరు కలెక్టరు కార్యాలయానికి వెళ్లాల్సి ఉంటుంది.

తిట్టు లాంటి మాటలకు త్వరగానే అలవాటు పడ్డాం. మమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టినవి పొగడ్తలు. “ఎంత పుణ్యం చేసుకుంటున్నారు! అనాథకు బతుకు ఇచ్చారు.” ఇది పాప ముందే అంటారు. మాకు బిడ్డ కావాలనిపించి, మూడేళ్లు ఎదురుచూసి తెచ్చుకున్నాం. అందులో పుణ్యం ఎక్కడిది? మేము అన్నం ముద్ద పెట్టిన ప్రతిసారీ తను రుణపడిపోతూ పెరగాలా? మా ఆవిడను యశోద అనేవారు కూడా ఉన్నారు. మొదట్లో సంతోషపడింది. ఒకరోజు అంట్లు తోముతూ, “యశోదను వదిలి కృష్ణుడు మధుర వెళ్లిపోయాడు కదండీ” అంది. ఆ తర్వాత ఎవరు అలా అన్నా వేరే మాటలోకి మళ్లిస్తుంది.

“ఈ పిల్ల కాలు పెట్టిన వేళావిశేషం, రేపో మాపో మీ కడుపు పండుతుంది” అనేది దీనికి చెల్లెలు. దత్తత తర్వాత కాన్పు అయిన ఇల్లు ఒకటుంటే ఊరంతా పదేళ్లు చెప్పుకుంటారు, కానివారి గురించి ఎవరు చెప్పుకుంటారు? అంతకంటే ముఖ్యం, మా పాప టానిక్కు సీసా కాదు. ఇంకొకరు పుట్టడానికి వాడే మందు కాదు. అలా అన్నామెకు నేను సరిగ్గా ఈ మాటే చెప్పాను. ఇప్పటికీ ఆమె మందులు వేరే దుకాణంలో కొంటుంది.

ఇక నేను చేసిన తప్పు. పాప వచ్చిన కొత్తలో నాకు సంతోషం పట్టలేదు. అడిగినవారినీ అడగనివారినీ స్టూలు వేసి కూర్చోబెట్టి అంతా చెప్పేవాడిని. ఏ జిల్లా, ఎక్కడ దొరికింది, అప్పటికి ఎన్ని రోజుల బిడ్డ, అన్నీ. జనానికి జాలి కలుగుతుంటే నాకు అదేదో గొప్పగా ఉండేది. తర్వాత ఒక సాయంత్రం బడి నుంచి వచ్చిన పాప సంచి కూడా దించకుండా, “నాన్నా, నన్ను ఫలానా చోట వదిలేశారా?” అంది. తరగతిలో ఒక పిల్లవాడు అన్నాడట. వాడికి చెప్పింది వాళ్ల అమ్మ, ఆమెకు చెప్పింది ఆమె భర్త, ఆయనకు చెప్పింది నేను.

తను దత్తతకు వచ్చిన బిడ్డ అని పాపకు ముందే తెలుసు. జీపులో తెచ్చుకున్న రోజు సంగతి నిద్రపోయే ముందు కథగా చెబుతూనే ఉండేవాళ్లం. ఆ ఒక్క ముక్క మాత్రం ఇంకా చెప్పలేదు. ఎప్పుడు, ఎలా చెప్పాలో మేము ఆలోచించుకుంటుండగా ఊరు చెప్పేసింది. ఆ రాత్రి మా ఆవిడే మాట్లాడింది. “నిన్ను కన్న అమ్మకు నిన్ను పెంచుకునే వీలు కుదరలేదు. ఎందుకో మాకూ తెలియదు. పెద్దయ్యాక తెలుసుకోవాలనిపిస్తే మేమూ నీతో వచ్చి అడుగుతాం.” అడిగే దారి నిబంధనల్లోనే ఉంది: పద్దెనిమిది నిండాక తనే అడగవచ్చు, అంతకు ముందైతే మాతో కలిసి. పాప కాసేపు ఆలోచించి, “జీపు ఏ రంగు?” అని అడిగింది. తెలుపు అన్నాం. నిద్రపోయింది. మేము నిద్రపోలేదు.

అప్పటి నుంచి నా జవాబు ఒక్కటే: “అది పాప సొంత విషయం, పెద్దయ్యాక తననే అడగండి.” అందుకే ఆ వివరాలు ఇక్కడా రాయడం లేదు. మీ ప్రశ్నకు నా అసలు జవాబు కూడా ఇందులోనే ఉంది. అడిగినవారిని ఓడించాలని చూడకండి. పక్కన నిలబడి ఒక చెవి అటు పడేసిన బిడ్డ ఏమి వింటుందో చూసుకుని మాట్లాడండి. “అసలు అమ్మ ఎవరు?” అని ఎవరైనా అంటే మా ఆవిడ కోపగించుకోదు, “నేనే, చెప్పండి” అంటుంది, అంతే. వినవలసిన మనిషి వింటుంది.

బడిలో కూడా ఒకసారి చిక్కు వచ్చింది. పుట్టినప్పటి ఫోటో తెచ్చి అట్ట మీద అతికించాలన్నారు. మా దగ్గర లేదంటే టీచరు, “అయ్యో, అవును కదా” అని పిల్లలందరి ముందు నాలుక కరుచుకున్నారు. ఆ అవును కదా అనడమే అక్కరలేనిది. గుండుతో ఉన్న ఫోటో ఇచ్చి పంపించాం. పిల్లలకు గౌను నచ్చిందట.

ఊరు మారే విషయం. మేమూ విశాఖ వెళ్లిపోదామని అనుకున్నాం, ఇల్లు కూడా చూశాం. ఆగిపోయింది మా పక్కింటి మావుసి (ఒడియాలో పిన్ని) వల్ల. ఆమెది ఒడియా కుటుంబం, మాతో ముప్పై ఏళ్ల పొరుగు. పాప వచ్చిన ఏడాది కార్తిక పున్నమి వెళ్లిన ఎనిమిదో రోజు పొద్దున్నే పసుపు ఆకులో ఉడికించిన ఎండురి పిఠా పట్టుకుని వచ్చి, “మేనమామ బట్టలు తెచ్చాడా?” అని అడిగింది. ప్రథమాష్టమి. ఇంటికి పెద్ద సంతానానికి మేనమామ ఇంటి నుంచి కొత్త బట్టలు రావాలి, దీపం చూపించి దీవించాలి. మా బావమరిది అప్పటికి దత్తత ఇష్టం లేక ముభావంగా ఉన్నాడు. మావుసి మా ఫోనులోనే అతనితో తనే మాట్లాడి, సగం తెలుగులో సగం ఒడియాలో చీవాట్లు పెట్టింది. మధ్యాహ్నానికి పాతపట్నం నుంచి గౌను వచ్చింది. కొలత సరిపోలేదు. అతనికి పాప కొలత తెలియదు కదా, ఎప్పుడూ ఎత్తుకోలేదు. మరుసటి ఏడాది సరిపోయింది.

మీకు బిడ్డ ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. వచ్చిన ఏడాది ఆ రోజుకు మేనమామకు ముందే కబురు పెట్టండి. పసుపు ఆకులు దొరకకపోతే చెప్పండి, మా పెరట్లో మొక్కలు ఉన్నాయి. గుణుపూర్ రైల్లో ఎవరో ఒకరు అటు వస్తూనే ఉంటారు, పంపిస్తాను.